రాత్రి కౌంటర్‌లో 180 తగ్గితే ముందు ఇరవైల కట్ట చూడండి

అన్నా, బిల్లుల ప్రకారం 18,640 ఉండాల, మూడుసార్లు లెక్కబెట్టినా 18,460 వస్తుండాది అన్నారు గదా, పనిపిల్లోడి మీద అప్పుడే అనుమానపడబాకండి. తేడా 180, దాన్ని తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 20, శేషం లేదు. ఇట్టా తెగిందంటే నేను చూసేది రెండే, 640ని 460 అని తారుమారుగా రాశారా, లేదా 200 నోటు పొయ్యి ఇరవైల్లో కూర్చుందా అని. 500 నోటు యాభైల్లో పడితే తేడా 450, అదీ తొమ్మిదితో తెగుద్ది.

మీరు కట్ట అంచు తిప్పి ఎన్ని కాయితాలో చూసి 20తో గుణిస్తుంటారు, అందుకే మూడుసార్లూ అదే తప్పు. కొత్త ఇరవై, రెండొందలు రెండూ పసుపుపచ్చే, రాత్రి తొమ్మిదికి కళ్ళు యాడ పనిచేస్తాయి! కావలిలో మా ఫ్యాన్సీ షాపులో నాకూ రెండు రోజులు ఇదే గోల. ఇరవైల కట్టని ఒక పక్కకి సమంగా టేబుల్ మీద తట్టండి, కొత్త ఇరవై పొడవు 129 మిల్లీమీటర్లు, రెండొందలు 146, దొంగ నోటు రెండో పక్క వేలి వెడల్పంత బయటికి వచ్చేస్తది (దొంగ నోటంటే నకిలీది కాదులేండి, దాక్కున్నది).

ఎక్సెల్‌లో 500, 200, 100, 50, 20, 10 ఒక కాలమ్‌లో, పక్కన ఎన్ని నోట్లో, దాని పక్కన గుణకారం, చాలు. చిల్లర మాత్రం పదేసి దొంతరలు పెట్టండి, ఐదు రూపాయలవి దొంతర 50. పాత ఐదు బిళ్ళ లావుగా ఉంటది, దాన్ని విడిగా పెట్టండి, లేకపోతే దొంతర ఎత్తు చూసి మోసపోతారు.