కోడింగ్ రానివాళ్లకి అర్థమయ్యేలా ఏఐ అంటే ఏమిటో చెప్పగలరా?

కోడింగ్ రానివాళ్లకి అన్నారు కాబట్టి కోడింగూ లెక్కలూ రెండూ లేకుండానే చెబుతాను. నాకు ఏఐ (కృత్రిమ మేధ) బుర్రకెక్కింది వ్యాసాలు చదివి కాదు, చేతిరాత అంకెల్ని గుర్తుపట్టే చిన్న ప్రోగ్రామ్‌ని నా ల్యాప్‌టాప్‌లో నడిపి చూశాకే.

మామూలు ప్రోగ్రామ్‌కి ఏం చెయ్యాలో మనమే రాసిస్తాం. కరెంటు బిల్లు అలాంటిదే, ఇన్ని యూనిట్లు దాటితే ఇంత రేటు. మరి 7ని గుర్తుపట్టడానికి రూలు రాయండి చూద్దాం! కొందరు మధ్యలో అడ్డగీత పెడతారు, కొందరి 7 అచ్చం 1లాగే ఉంటుంది. ఎన్ని రూల్స్ రాసినా ఇంకోటి మిగిలే ఉంటుంది.

అందుకని రూల్స్ మానేసి ఉదాహరణలు చూపిస్తారు. ఎమ్‌నిస్ట్ అని ఉచితంగా దొరికే బొమ్మల సెట్ ఉంది. నేర్పడానికి 60,000, పరీక్ష పెట్టడానికి 10,000. ఒక్కో బొమ్మ అడ్డంగా 28, నిలువుగా 28 గళ్లు. కంప్యూటర్‌కి అక్కడ 7 కనిపించదు, ఏ గడి ఎంత వెలుగుగా ఉందో చెప్పే 784 సంఖ్యలు కనిపిస్తాయి. మొదట్లో నోటికొచ్చిన జవాబు చెబుతుంది. సరైన జవాబుతో పోల్చి చూసుకుని, తప్పినప్పుడల్లా ప్రోగ్రామ్ తన లోపలున్న వేల సంఖ్యల్ని తనే కాస్త కాస్త సర్దుకుంటుంది. నేర్చుకోవడం అంటే ఇంతే. నేను నడిపిన ప్రోగ్రామ్ కొద్ది నిమిషాల్లో నూటికి 97 దాకా సరిగ్గా చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు సరదాకి 'ర' అక్షరం రాసిచ్చాను. 8 అంది! ఇది అంకె కాదు అని చెప్పే వీలే దానికి లేదు, నేర్పింది పది జవాబులే కదా. పైగా మంచి నమ్మకంతో చెప్పింది.

2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ లాంటివాటికీ పునాది ఇదే. అంకెల బదులు కొండంత రాత చూపించి, తర్వాత వచ్చే మాట ఏదో ఊహించడం నేర్పారు. ఆపైన మనుషులు జవాబులు చూసి ఏది నయమో చెబుతూ మెరుగుపెట్టారు. అయినా ఊహ ఊహే. మా ఊరి చెరువు ఎవరు తవ్వించారని అలాంటి ఒక చాట్‌బాట్‌ని అడిగితే రాజుగారి పేరు, సంవత్సరంతో సహా చెప్పేసింది. ఆ రాజు పేరు మా ఊళ్లో పెద్దవాళ్లెవరూ వినలేదు.

మీరే చేసి చూడాలంటే గూగుల్‌వాళ్ల టీచబుల్ మెషీన్ అనే వెబ్‌సైట్ ఉచితం, కోడింగ్ అక్కర్లేదు. వెబ్‌క్యామ్ ముందు గరిటె కొన్నిసార్లు, గ్లాసు కొన్నిసార్లు చూపించి నేర్పండి. తర్వాత దువ్వెన పెట్టి ఏమంటుందో చూడండి.