రెక్క ఆడని నెలకు డబ్బేదీ?

ప్రశ్న: నా వయసు 36. సొంతూరు చేవెళ్ల దగ్గర పల్లె, ఉండేది బాలానగర్‌లో. చిన్న కంపెనీలో మెషిన్ ఆపరేటర్‌ని. జీతం 19,500. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికి 17,800 వస్తాయి. సాయంత్రం ఏడు నుంచి పదకొండున్నర దాకా ఫుడ్ డెలివరీ చేస్తే పెట్రోలు కాక నెలకు ఎనిమిది వేలు మిగులుతాయి. నా భార్య ఇంట్లోనే జాకెట్లు కుట్టి ఐదు వేలు తెస్తుంది. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరు. ఊళ్లో అమ్మకు నెలనెలా పంపాలి. 2022లో నా భార్యకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయిస్తే ప్రైవేటు ఆస్పత్రిలో లక్షా ముప్పై వేలయింది. ఆ అప్పు, మిత్తి తీరి రెండేళ్లయింది. ఇప్పుడు బ్యాంకులో 85 వేలు ఊరికే పడి ఉన్నాయి. నాతో టెన్త్ చదివినవాడు ప్లాట్ల బిజినెస్ చేసి కారులో తిరుగుతున్నాడు. నేను పద్నాలుగేళ్లుగా రోజుకు 13 గంటలు పని చేస్తున్నా. కష్టపడితే పేదరికం పోతుందంటారు, ఎక్కడ పోయింది సార్? 2.80 లక్షలకు సెకండ్ హ్యాండ్ ట్రాలీ ఆటో చూశాను. ఉన్న 85 వేలు, నా భార్య బంగారం కుదువ పెట్టి 1.55 లక్షలు, డైలీ ఫైనాన్స్‌లో 50 వేలు. బామ్మర్ది నడిపి రోజుకు 600 ఇస్తానంటున్నాడు. బాగా నడిస్తే ఉద్యోగం మానేసి నేనే నడుపుకుంటా. ఆటో మేలా, సిప్ మేలా? పక్కింటి అబ్బాయి ఆప్షన్స్ ట్రేడింగ్ నేర్పిస్తానంటున్నాడు, అదెలా ఉంటుంది?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నెలకు పది వస్తాయి. ఆటో బదులు ఒకరు టిఫిన్ సెంటర్ అంటారు, ఇంకొకరు గేదెలంటారు. కానీ ‘బ్యాంకులో ఊరికే పడి ఉన్నాయి’ అన్న మాట మాత్రం అన్నింట్లో ఉంటుంది. మీ ఉత్తరం తీసుకున్నది ఆ మాట కోసమే.

మీరు నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి పంపారు, మంచి పని చేశారు. అద్దె 7,000, సరుకులు, పాలు, గ్యాస్ కలిపి 8,500, పిల్లల ఫీజులు నెలకు సగటున 4,500, అమ్మకు 2,500, మీ డ్యూటీ పెట్రోలు, ఫోన్లు 3,000, పైఖర్చులు 2,000. మొత్తం 27,500. ముగ్గురి కష్టం (డెలివరీ చేసే మిమ్మల్ని ఇంకో మనిషిగానే లెక్కేశాను) 30,800. మిగిలేది 3,300. పేజీ అడుగున ‘చేబదులు – శీనుకు 500’ అని రాసి కొట్టేశారు. అయిదొందలు కూడా రాసి పెట్టుకునే మనిషి లెక్క తెలియనివాడు కాదు. అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నాను, ఏమనుకోవద్దు.

ఇప్పుడు ఫీజులు, పెట్రోలు పక్కన పెట్టి, ఇల్లు గడవడానికి తప్పనిసరి అయినవే కూడితే నెలకు 20 వేలు. నాలుగు నెలలకు 80 వేలు. బ్యాంకులో ఉన్నది 85 వేలు. అంటే పద్నాలుగేళ్లలో మొదటిసారి, మీ ఇద్దరూ నాలుగు నెలలు మంచాన పడ్డా ఎవరి గుమ్మం తొక్కక్కర్లేని స్థితికి వచ్చారు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లో, రెక్క ఆడని నెల కోసం దాచిన డబ్బు అది. దానికి పని లేదని మీరనుకుంటున్నారు. 2022లో ఈ 85 వేలు ఉండి ఉంటే మీరు ఎన్నాళ్లు, ఎంత మిత్తి కట్టేవారో ఆ పాత నోట్‌బుక్ తీసి ఒకసారి చూసుకోండి.

కష్టపడితే పేదరికం పోతుందా అని అడిగారు. నేను ఆర్థికవేత్తను కాను. అయినా ఇరవై ఏళ్లుగా జనం జమాఖర్చులు చూస్తున్నవాడిగా చెబుతాను: కష్టం ఒక్కదానితో పోదు. మీ లోపమేమీ లేదు. 2022–23లో మన దేశ ఆదాయంలో 22.6 శాతం, ఆస్తిలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉన్నాయని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు 2024లో లెక్క చెప్పారు. అడుగున ఉన్న కుటుంబం సగటు ఆదాయానికి చేరడానికి మన దేశంలో ఏడు తరాలు పట్టొచ్చని 2018లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక కూటమి) అంచనా వేసింది. డెన్మార్క్‌లో రెండు తరాలట. మీ స్నేహితుడికి రోడ్డు పక్కన తాతల నాటి మూడెకరాలుందని మీరే ఉత్తరంలో ఇంకోచోట రాశారు. చేవెళ్ల వైపు భూముల రేట్లు ఏమయ్యాయో నేను మీకు చెప్పాలా? ఆయన నిద్రపోతున్నప్పుడు కూడా ఆ మూడెకరాలు పెరిగాయి. మీరు అమ్ముకునేది గంటలు. రోజుకు 13 అమ్ముతున్నారు, ఇక పద్నాలుగోది అమ్మినా ఆ తేడా పూడదు. ఆయనతో పోల్చుకుని టెన్షన్ పడి తీసుకునే నిర్ణయం ఏదైనా సరే, చెడ్డ నిర్ణయమే అవుతుంది.

అయితే ఈ కథకు రెండో సగం ఉంది. అనిరుధ్ కృష్ణ అనే ఆచార్యుడు రాజస్థాన్, గుజరాత్‌లతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 36 పల్లెలు తిరిగి, ఏ కుటుంబం పాతికేళ్ల కింద ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అని ఊరివాళ్లనే అడిగి రాసుకున్నారు. ఒకే ఊళ్లో, అవే ఏళ్లలో, కొందరు పేదరికంలోంచి బయటపడుతుంటే ఇంకొందరు కొత్తగా అందులో పడుతున్నారు. పడినవాళ్ల కథల్లో అన్నింటికన్నా ఎక్కువగా వినిపించింది జబ్బు, ఆస్పత్రి ఖర్చు. ఆ తర్వాత ఎక్కువ వడ్డీ అప్పులు, పెళ్లిళ్లు, చావుల ఖర్చులు. బద్ధకం వల్ల పడినవాళ్లు లెక్కలోకి వచ్చేంత లేరు. ఎక్కేదొక దారి, జారేదొక దారి. మీరు పద్నాలుగేళ్లుగా ఎక్కే దారి మీదే కళ్లు పెట్టారు. 2022లో జారింది రెండో దారిలో.

ఇక ఆ ఆపరేషన్ సంగతికి వద్దాం. నాకు నిజంగా కోపం వచ్చింది అక్కడే. మీ మీద కాదు, మీకు చెప్పాల్సినవాళ్లు చెప్పనందుకు. జీతం 21 వేల లోపు కాబట్టి మీకు ఈఎస్‌ఐ ఉంది. మీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని వైపు నుంచి 3.25 శాతం, కలిపి మీ పేరు మీద నెలకు దాదాపు 780 రూపాయలు వెళుతోంది. అందులో మీ భార్యకు, పిల్లలకు, మీ మీద ఆధారపడ్డ అమ్మగారికి కూడా వైద్యం ఉంది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ సనత్‌నగర్ ఈఎస్‌ఐలో చేసేదే. బాలానగర్ నుంచి సనత్‌నగర్ ఎంత దూరమో మీకు తెలుసు, డెలివరీకి రోజూ వెళుతూనే ఉంటారు! క్యూ ఉంటుంది, ఒక పూట పోతుంది, విసుగొస్తుంది. ఒప్పుకుంటాను. లక్షా ముప్పై వేలు, పైన మిత్తి కన్నా ఆ విసుగు చవక. మీరు జబ్బుపడి డ్యూటీకి వెళ్లలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం చేతికిచ్చేది కూడా అదే ఈఎస్‌ఐ. ‘బాగా నడిస్తే ఉద్యోగం మానేస్తా’ అన్నారు చూడండి, మానేస్తే పోయేది 17,800 ఒక్కటే కాదు, ఇవన్నీ పోతాయి. ఉద్యోగి చనిపోతే ఇంటివాళ్లకు ఇచ్చే ఈడీఎల్‌ఐ బీమా పీఎఫ్‌తో పాటే ఉంది, గరిష్ఠంగా ఏడు లక్షల దాకా, మీ జేబులోంచి పైసా కట్టక్కర్లేకుండా. అదీ పోతుంది. పీఎఫ్‌లో నామినీగా మీ భార్య పేరు ఉందా? పెళ్లికి ముందు చేరినవాళ్లలో చాలామందికి ఇప్పటికీ పాత నామినేషనే ఉంటుంది.

ఆటో లెక్క చూద్దాం. డైలీ ఫైనాన్స్ వాళ్లు 50 వేలు రాయించుకుని చేతికి 42,500 ఇస్తారు, రోజుకు 500 చొప్పున వంద రోజులు కట్టాలి అని రాశారు. ఏడున్నర వేలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు కాబట్టి ఆ డబ్బు సగటున సగమే మీ దగ్గర ఉన్నట్టు. ఆ లెక్కన ఏడాదికి 120 శాతం పైనే. మన భాషలో పది రూపాయల మిత్తి. పక్కింటాయన పది రూపాయల మిత్తికి ఇస్తానంటే తీసుకుంటారా? మొహం మీదే వద్దంటారు. రోజుకు 500 అనేసరికి అది చిన్నదైపోయింది. బామ్మర్ది నెలలో 25 రోజులు నడిపితే వంద రోజుల్లో 83 రోజులు. రోజుకు 600 చొప్పున 49,800. కట్టాల్సింది 50,000. అంటే మొదటి మూడు నెలలకు పైగా ఆ ట్రాలీ తిరిగేది ఫైనాన్స్ వాడి కోసం. బంగారం మీద మిత్తి, టైరు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ మీ జీతంలోంచి. వాన పడి కిరాయి లేని రోజు కూడా వసూలు కుర్రాడు సాయంత్రానికి గేటు దగ్గర ఉంటాడు, ఆదివారం అయినా సరే. 2015లో విజయవాడ కాల్‌మనీ (అధిక వడ్డీ అప్పుల దందా) వ్యవహారం బయటపడ్డప్పుడు ఎంతమంది ఆడవాళ్లు పోలీసుల దగ్గరికి వచ్చారో పేపర్లో చదివే ఉంటారు. ఇంకా ఎంతకాలం ఇదే చెప్పాలో నాకు తెలియడం లేదు: డైలీ ఫైనాన్స్ వద్దు, లోన్ యాప్ వద్దు, ‘తెలిసినవాళ్లే’ అన్నా వద్దు.

మంచి వడ్డీకి దొరికిన అప్పయినా మంత్రదండం కాదు. హైదరాబాద్‌లోనే 104 బస్తీల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం మైక్రోఫైనాన్స్ (పేదలకిచ్చే చిన్న అప్పులు) మీద పెద్ద అధ్యయనం చేసింది. అప్పు అందుబాటులోకి వచ్చిన బస్తీల్లో కొన్ని వ్యాపారాలు కాస్త పెరిగాయి, ఇంటి ఖర్చు పెట్టే స్తోమత మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. ఒకాయన మూడేళ్ల కింద నా దగ్గరికి ఇలాంటి ప్లానుతోనే వచ్చాడు, వద్దంటే వినలేదు. కొన్న నలభయ్యో రోజున టైఫాయిడ్. పన్నెండు రోజులు బండి ఇంటి ముందే. పదమూడో రోజున అది ఇంటి ముందు లేదు.

మీ ఇంట్లో ఇంకో విషయం గమనించండి. ఆటో కొన్నాక మీ చేతిలో రొక్కం సున్నా, బంగారం కుదువలో, రోజూ కట్టుబడి. అప్పుడు అమ్మగారికి సుగర్ ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే? మళ్లీ చేబదులు, మళ్లీ మిత్తి. 2022 మళ్లీ మొదలు, ఈసారి కుదువ పెట్టడానికి బంగారం కూడా ఉండదు.

ట్రాలీ ఆలోచన చెడ్డదని నేను అనడం లేదు. వరస తప్పు. 85 వేలలో 80 వేలు వేరే సేవింగ్స్ ఖాతాలోకి మార్చండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లో యూపీఐకి కలపొద్దు. కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినా మంచిదే. బ్యాంకులో జీవన జ్యోతి (ప్రాణానికి), సురక్షా (ప్రమాదానికి) బీమా ఫారాలు రెండూ భార్యాభర్తలిద్దరూ నింపండి. ఒక్కొక్కరికి ఏడాదికి 436, 20 రూపాయలు, ఇద్దరికీ కలిపి 912. రాత్రి పదకొండింటికి బైక్ మీద ఉండే మనిషికి ఇరవై రూపాయల ప్రమాద బీమా లేకపోవడం ఏమిటండీ? టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బొచ్చే పెద్ద జీవిత బీమా) ఆ తర్వాతి మెట్టు. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా ఉంది, అమ్మగారి పేరు ఏ కార్డులో ఉందో చూడండి.

నెలనెలా మిగిలే 3,300 ఏడాదిన్నర పోగేస్తే 60 వేలకు దగ్గరగా వస్తుంది. అది ట్రాలీకి మీ వాటా. మిగతాదానికి బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం, లేదా మీ భార్య బస్తీలో పొదుపు సంఘంలో చేరితే ఆ దారి. ఈలోగా బామ్మర్దిని ఆరు నెలలు అద్దె ట్రాలీ నడపమనండి. రోజుకు 600 మిగులుతుందో లేదో ఆయన జేబు ఖర్చుతోనే తేలిపోతుంది. ఎప్పుడు కొన్నా పాత బండి ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్చుకోవడం మర్చిపోవద్దు.

సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత వేయడం) ఇవన్నీ అయ్యాక. ఆప్షన్స్ సంగతి: 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్‌లో) దిగిన చిన్న ఇన్వెస్టర్లలో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీయే లెక్క తేల్చింది. పక్కింటి అబ్బాయికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

చివరగా ఒకటి. మీ పూర్తి ఉత్తరంలో ‘నా భార్య బంగారం’ అని మూడు చోట్ల రాశారు. దాన్ని కుదువ పెట్టడం గురించి ఆవిడేమన్నారో ఒక్కచోట కూడా లేదు. ఈ జవాబు ఆవిడతో కూడా చదివించండి. ఈఎస్‌ఐ కార్డులో ఆవిడ పేరు, పిల్లల పేర్లు, అమ్మగారి పేరు ఎక్కాయో లేదో ఈ వారంలోనే కంపెనీ ఆఫీసులో అడిగి, మళ్లీ ఉత్తరం రాయండి.