‘విశ్వసనీయ వర్గాలు’ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

చెరువుల పూడికతీత బిల్లుల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగా నడిపావు. అయితే పదకొండు చోట్ల ‘విశ్వసనీయ వర్గాల కథనం ప్రకారం’ అన్నావు. ఆ వర్గాలు విశ్వసనీయమని తేల్చింది నువ్వు. అలా తేల్చుకునే ఆధారం పాఠకుడికి ఒక్కటీ ఇవ్వలేదు.

లోపలి మనిషి మాట వినగానే, అతను మంచివాడా, కడుపుమంటతో చెబుతున్నాడా అని ఆరా తీస్తాం. నేను ముందు చూసేది అతని కుర్చీ. అక్కడ కూర్చున్నవాడికి ఆ కాగితం కంటపడుతుందా? అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దించిన వాటర్‌గేట్ వ్యవహారంలో వాషింగ్టన్ పోస్ట్ విలేఖరి బాబ్ వుడ్‌వర్డ్‌కు దారి చూపిన ఎఫ్‌బీఐ అధికారి మార్క్ ఫెల్ట్, 1972లో డైరెక్టర్ హూవర్ చనిపోయాక ఆ పదవి ఆశించి భంగపడ్డవాడు. అయినా ఆ దర్యాప్తు కాగితాలు అతని బల్ల మీదికి వచ్చేవి కాబట్టి అతని మాటకు బరువుంది. అదే పత్రిక ఆ అక్టోబరు 25న, ఎన్నికల రహస్య నిధి మీద శ్వేతసౌధ ముఖ్య అధికారి హాల్డెమన్‌కు అధికారం ఉందని నిక్సన్ ఎన్నికల కమిటీ మాజీ కోశాధికారి హ్యూ స్లోన్ గ్రాండ్ జ్యూరీకి చెప్పినట్టు రాసింది. నిధి సంగతి నిజమే, కానీ జ్యూరీ ఆ ప్రశ్న అతన్ని అడగనే లేదు. ఎక్కడ చెప్పాడన్న ఆ ఒక్క తప్పు పట్టుకుని శ్వేతసౌధం వాళ్లు కథనమంతా అబద్ధమని కొట్టిపారేశారు.

నా తప్పు ఇంతకన్నా ఘోరమైనది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఒక జిల్లా కార్యాలయ ఉద్యోగిని నాకు రోడ్డు పనుల ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) జిరాక్సులు ఇచ్చింది. వానలకు రోడ్డు తెగి బస్సులు ఆగిపోయిన వారంలోనే, అదే రోడ్డు మీద తారు వేసినట్టు అందులో కొలతలున్నాయి. నేను ‘ఒక ఉద్యోగి’ అని రాస్తే, ఇలాగైతే ఎవరు నమ్ముతారంటూ డెస్కు పెద్దాయన ‘అకౌంట్స్ సెక్షన్ మహిళా ఉద్యోగి’ అని దిద్దారు. ప్రూఫు చూసి కూడా నేను ఊరుకున్నాను. ఆ సెక్షన్‌లో మహిళ ఆమె ఒక్కతే. నాలుగో రోజున చంటిబిడ్డతో ఉన్న ఆమెను ఏజెన్సీకి బదిలీ చేశారు. ఎం-బుక్ తేదీలనూ బస్సు డిపో రిజిస్టరునూ పక్కపక్కన పెట్టి రాసుంటే ఆమె ఊసే అక్కర్లేకపోయేది. సంచలనం కోసం కాగితాన్ని దాచి మనిషిని ముందుకు తోసే ఆ అలవాటు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల పత్రాలను విలేఖరి చిత్రా సుబ్రమణ్యంకు అందించిన స్వీడన్ పోలీసు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్ పేరు 2012 దాకా బయటికి రాలేదు. అన్నేళ్లూ ఆ కథనాలను నిలబెట్టింది పత్రాలే.

పారితోషికం గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ నువ్వడిగినవి తర్వాత చూద్దాం. ముందు ఆరో పేజీ తియ్యి. ‘ఆ రోజు జేసీబీ రానేలేదు, నేను తూము దగ్గరే ఉన్నా’ అన్న లష్కరు (చెరువు నీళ్లు వదిలే కాపలా మనిషి) మాట చదివి కదిలిపోయాను. వ్యాసం మొత్తంలో కళ్లారా చూసినవాడు అతనొక్కడే. కానీ ఆ చెరువుకు లష్కరూ ఒక్కడే కదా! ఆ పేరా ఇవాళే తీసెయ్. సమాచార హక్కు చట్టం కింద ఎం-బుక్ నకళ్లు అడుగు. ఆ ఒక్క చెరువుదే అడిగితే ఎవరు చెప్పారో పసిగడతారు, కనుక మండలంలోని చెరువులన్నిటివీ అడుగు. అవి చేతికి వచ్చేదాకా ఈ వ్యాసం ఎవరికీ చూపించకు.