మీవాడు చేస్తానంటున్నది వైర్లు లాగే పని కాదండీ

ప్రశ్న: మాది గుణుపూర్. హోల్‌సేల్ కిరాణా వ్యాపారం. మా అబ్బాయి ఈసీఈ చివరి సంవత్సరంలో ఉన్నాడు. సెలవుల్లో ఊళ్లో ఇంటర్నెట్ ఇచ్చే కేబుల్ ఆఫీసులో పనికి వెళ్తున్నాడు. సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష రాస్తాను, కంపెనీలకు ఎప్పుడూ ఆగిపోని నెట్‌వర్క్‌లు డిజైన్ చేస్తాను అంటాడు. హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా సైన్స్, ఏఐ కోర్సు ఉందట. ఫీజు రెండున్నర లక్షలు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. అప్పు చేసైనా అందులో చేర్పిద్దామని నా ఉద్దేశం. మొన్న శ్రీకాకుళంలో పెళ్లికి వెళ్తే మా బావమరిది అందరి ముందూ "మీవాడు కేబుల్ కుర్రాడయ్యాడట కదా" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు దారులనూ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.
– ఒక తండ్రి, రాయగడ జిల్లా, ఒడిశా

జవాబు: నమస్కారమండీ. మీరు అడిగింది కోర్సుల పోలిక. మీకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం మీ బావమరిది మాట. అందుకే ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత పోలిక దగ్గరికి వస్తాను.

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు నుంచి ఇదే ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. పిల్లాడు నెట్‌వర్కింగ్ అనగానే ఇంట్లోవాళ్లకు స్తంభానికి నిచ్చెన వేసుకుని వైరు బిగించే కుర్రాడే కనిపిస్తాడు. ఆ కుర్రాడి పని తక్కువదేమీ కాదు. కానీ మీవాడు చేస్తానంటున్న పని వేరు. అదేమిటో నేను చూసిన ఒక రోజు చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేను నెట్‌వర్క్ ఇంజనీరుగా ఉద్యోగం చేశాను. సరిహద్దు దగ్గర ఒక ఫ్యాక్టరీ ఉండేది. ఒక లైను పోయినా రెండోది ఉంటుందని రెండు వేర్వేరు కంపెనీల దగ్గర ఇంటర్నెట్ తీసుకుని, నెలనెలా రెండు బిల్లులు కట్టేవారు. ఒకరోజు రోడ్డు వెడల్పు చేస్తూ కల్వర్టు పక్కన జేసీబీ ఒక్క పోటు పొడిచింది. రెండు లైన్లూ ఒకేసారి పోయాయి. వెళ్లి చూస్తే ఎర్రమట్టిలో ఒక నారింజ రంగు పైపు, ఒక నీలం పైపు పక్కపక్కనే తెగి ఉన్నాయి. కంపెనీలు రెండైనా ఫైబర్ వేసిన కందకం ఒక్కటే! గేటు దగ్గర వేబ్రిడ్జి స్లిప్పు రావడం లేదు, ఈ-వే బిల్లు తీయడానికి లేదు. చీకటిపడేసరికి లారీలు రోడ్డు మీదకు బారులు తీరాయి. వాన తుంపర మొదలైతే ఒకాయన గొడుగు పట్టుకున్నాడు. ఆ గొడుగు కింద స్ప్లైసింగ్ కుర్రాడు వెంట్రుకంత సన్నటి ఫైబర్ పోగును స్పిరిట్‌తో తుడిచి, కొస సమంగా కోసి, మెషిన్‌లో పెట్టి ఒక్కొక్కటీ అతికించాడు. అతను బాగుచేస్తుంటే నేను పక్కన నిలబడి ఉన్నాను. ఆ రాత్రి సిగ్గుపడాల్సింది అతను కాదు. ఆఫీసులో కూర్చుని కాగితం మీద రెండు గీతలు గీసి, అవి నేల మీద ఏ దారిన వస్తున్నాయో అడగనివాళ్లు.

ఇందులో లెక్క కూడా ఉంది. ఒక లైను ఏడాదిలో 99 శాతం సమయం పనిచేస్తుందనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఏడాదికి మూడున్నర రోజులకు పైగా అది ఉండదన్నమాట. అలాంటివే రెండు లైన్లు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే, రెండూ కలిసి పోయే సమయం ఏడాదికి సుమారు 53 నిమిషాలకు దిగుతుంది. కానీ రెండూ ఒకే కందకంలో ఉంటే ఈ లెక్క పనికిరాదు. ఒక ఫైబర్ రైలు పట్టాల వెంట, రెండోది హైటెన్షన్ టవర్ల మీదుగా వచ్చేలా చూడటం, రెండు రౌటర్లకూ కరెంటు ఒకే యూపీఎస్ నుంచి రాకుండా చూడటం, జనరేటర్ ఉంటే అందులో డీజిల్ ఉందో లేదో అడగటం... ఇదండీ నెట్‌వర్క్ డిజైన్ అంటే. ఏది పోతే ఏమేం ఆగుతాయో అది పోకముందే ఆలోచించే పని.

ఈ పని మీకు కొత్తేమీ కాదు. వంశధార పొంగే రోజులకు ముందే సరుకు తెచ్చి పెట్టుకోరూ? పర్లాకిమిడి వైపు దారి మూసుకుపోతే రాయగడ వైపు నుంచి ఎవరు పంపుతారో ముందే మాట్లాడి పెట్టుకోరూ? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కరెంటూ ఫోన్లూ పోయి జనం ఎంత అల్లాడారో మీరు చూసే ఉంటారు. మీరు కొట్టు కోసం చేసే ఆలోచననే మీ అబ్బాయి బ్యాంకులకూ ఆసుపత్రులకూ ఫ్యాక్టరీలకూ చేస్తానంటున్నాడు.

"అంతా క్లౌడ్‌లోకి పోయింది, ఇంకా నెట్‌వర్క్ ఏమిటి?" అని ఎవరైనా అంటే కంగారుపడకండి. అమెజాన్ 2022లో హైదరాబాద్‌లో తన క్లౌడ్ రీజియన్, అంటే కంపెనీలకు సర్వర్లు అద్దెకిచ్చే డేటా సెంటర్ల సముదాయం, తెరిచింది. అందులో మూడు జోన్లు ఉన్నాయి, ఒకటి పడిపోయినా మిగతావి నడిచేలా వేరువేరుగా కట్టారు. అదీ ఈ డిజైనే. సర్వరు ఆఫీసులో ఉన్న రోజుల్లో బయట లైను పోయినా లోపల పని కొంత సాగేది. ఇప్పుడు సర్వరు హైదరాబాద్‌లో ఉంది కాబట్టి లైను పోతే మొత్తం ఆగుతుంది. డబ్బుకు కొదవలేని ఫేస్‌బుక్ కూడా 2021 అక్టోబరు 4న ఆరు గంటలు ప్రపంచమంతా ఆగిపోయింది. మెయింటెనెన్స్ కోసం ఇచ్చిన ఒక కమాండ్‌తో వాళ్ల డేటా సెంటర్లను కలిపే లైన్లన్నీ తెగిపోయాయి. బాగుచేయాల్సిన ఇంజనీర్లు వాడుకునే దారి కూడా ఆ నెట్‌వర్క్ మీదుగానే ఉండటంతో మనుషులు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. అక్కడా లోపలికి వెళ్లడం ఆలస్యమైంది.

ఇక డేటా సైన్స్. ఇక్కడ నా అనుమానాలు దాచుకోను. ఆ చదువు తప్పు కాదు. స్టాటిస్టిక్స్ ఇష్టంగా చదివి, లెక్కతో గంటలు గంటలు కుస్తీ పట్టేవాళ్లకు అది మంచి దారే. నాకు నమ్మకం లేనిది ఆరు నెలల కోర్సు మీద, గ్యారంటీ మీద. నా దగ్గరికి వచ్చే రెజ్యూమేలు చూస్తుంటాను. పేరు మారుతుంది, ఊరు మారుతుంది, ప్రాజెక్టులు మాత్రం అవే. ఇంటి ధర అంచనా వేయడం, టైటానిక్ ఓడలో ఎవరు బతికారో చెప్పడం. ఈ సగటు ఎందుకు తీశావు, మధ్యలో డేటా లేని చోట ఏం చేశావు అని అడిగితే పిల్లలు తల దించుకుంటారు. వాళ్ల తప్పు కాదది. అంత తక్కువ కాలంలో అంత విషయం ఎవరికీ ఎక్కదు. పైగా కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే చిన్నచిన్న కోడింగ్ పనులను ఇప్పుడు ఏఐ టూల్సే చేసేస్తున్నాయి. ఏఐ నేర్పుతామంటూ ఏఐ తినేస్తున్న పనికే పిల్లల్ని తయారుచేస్తుంటే నాకు భయమేస్తోంది. "గ్యారంటీ" అన్న మాటను కాగితం మీద రాసివ్వమనండి. ఏ ఉద్యోగం, ఎంత జీతం, రాకపోతే ఫీజు వెనక్కి ఎన్ని రోజుల్లో? రాసిస్తారేమో చూడండి.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట గట్టిగానే అంటాను. రెండున్నర లక్షలు అప్పు చేయాలనుకుంటున్నది మీ అబ్బాయి కోసమా, బావమరిదికి జవాబు చెప్పడం కోసమా? మీ ఉత్తరంలో మీవాడికి డేటా సైన్స్ ఇష్టమని ఒక్క ముక్క లేదు. ఎండలో కేబుల్ ఆఫీసుకు తనంతట తాను వెళ్లి పని నేర్చుకుంటున్న కొడుకుని చూసి మీరు సిగ్గుపడుతున్నారంటే నాకు బాధగా ఉంది. సెలవుల్లో ఫోన్ పట్టుకుని పడుకునే పిల్లల తల్లిదండ్రులు నాకు రాసే ఉత్తరాలు మీరు చూడాలి. ఆ పెళ్లిలో మాట పడ్డది మీరైనా, అది ఇంట్లో విని బాధపడేది వాడేనండీ.

పోలిక చెప్పమన్నారు కాబట్టి నెట్‌వర్కింగ్‌లో కష్టాలూ చెప్పాలి. డిజైన్ ఎవరికీ మొదటి ఉద్యోగంగా రాదు. ముందు రెండు మూడేళ్లు నాక్‌లో, అంటే రాత్రీ పగలూ నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే గదిలో, షిఫ్టులు చేయాలి. మొదటి జీతం చూసి మీ బావమరిది ఇంకో మాట అనవచ్చు. చేత్తో ఒక్కో స్విచ్‌లో కమాండ్లు కొట్టే పని తగ్గిపోతోంది, కాబట్టి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఆటోమేషన్, అంటే ఆ పనిని కంప్యూటర్ చేతే చేయించడం, నేర్చుకోక తప్పదు. డంప్స్, అంటే బయటికి వచ్చిన పరీక్ష ప్రశ్నలూ జవాబులూ, బట్టీపట్టి సీసీఎన్‌ఏ పాసైనవాడు ఇంటర్వ్యూలో పది నిమిషాలు కూడా నిలబడడు. ఇవన్నీ ఉన్నా నేను ఈ దారికే ఓటు వేస్తాను. ఎందుకంటే ఇంజనీరింగ్ అయిపోకముందే మీవాడు తెగిన లైనును చేత్తో పట్టుకుని చూశాడు. ఇంకొకటి, మన సరిహద్దు పిల్లలకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ వస్తాయి. అర్ధరాత్రి కోరాపుట్‌లో ఒక టెక్నీషియన్‌ను, విజయనగరంలో ఇంకొకరిని నిద్రలేపి పని చేయించాల్సినప్పుడు ఆ మూడు భాషలు ఎంత అక్కరకొస్తాయో నాకు తెలుసు. అటు ఆంధ్రాలో లోకల్ కాదు, ఇటు ఒడియావాళ్లం కాదు అని మీలాంటివాళ్లు బాధపడుతుంటారు. ఈ పనిలో ఆ బాధ ఉండదు.

ఖర్చు గురించి కూడా టెన్షన్ వద్దు. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్, జీఎన్ఎస్3 అనే సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఈ ఆదివారం కొట్టు కట్టేశాక వాడి పక్కన కూర్చోండి. రెండు రౌటర్లు పెట్టి, ఒకటి పోతే రెండోది బాధ్యత తీసుకునేలా హెచ్‌ఎస్‌ఆర్‌పీ అనే ఏర్పాటు పెట్టి చూపించమనండి. ఆ రెండూ మామూలుగా మూడు సెకన్లకోసారి "నేనున్నాను" అని పలకరించుకుంటాయి. పది సెకన్లు పలుకు లేకపోతే రెండోది పని అందుకుంటుంది. మొదటిదాన్ని మీ చేత్తో ఆపేయండి. తెరమీద పింగ్, అంటే లైను పనిచేస్తోందా అని పదేపదే అడిగి జవాబు తెచ్చే పరీక్ష, కాసేపు ఆగి మళ్లీ మొదలవుతుంది. "ఆ పది సెకన్లను ఇంకా తగ్గించలేవా?" అని అడగండి, వాడే చెబుతాడు.

సోమవారం కేబుల్ ఆఫీసుకు వెళ్లినప్పుడు వాళ్లను ఒక్కటి అడిగి రమ్మనండి. గుణుపూర్‌కు బయటి నుంచి వచ్చే వాళ్ల మెయిన్ లైను ఏ రోడ్డున వస్తోంది, రెండోది ఉంటే అది ఏ రోడ్డున వస్తోంది? తెలుసుకుని ఒక కాగితం మీద బొమ్మ గీసి, వంతెనలూ కల్వర్టులూ గుర్తుపెట్టి నాకు పంపమనండి. చూసి వాడికే విడిగా జవాబు రాస్తాను.