సమాధానం: రైతులు మందుల కొట్టాయన మాటే వింటున్నారు

తమ్ముడూ, కోవూరు దగ్గర రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ అసిస్టెంటుగా చేరి ఏడాదైనా, నీ మాటకు తలూపి రైతులు నేరుగా పురుగుమందుల కొట్టుకే పోతున్నారని రాశావు. నాకూ అదే అయింది.

కొట్టాయన అప్పు పెడతాడు, రైతు తెచ్చిన ఆకు చేతిలోకి తీసుకుని చూస్తాడు. అప్పు మనవల్ల కాదు, ఆకు చూడొచ్చుగా! పొద్దున్నే వరి మడిలోకి దిగు. మచ్చ నూలు కండెలాగా రెండు కొసలూ సన్నగా, నడుమ బూడిద రంగుగా ఉంటే అగ్గి తెగులు. మందు సంగతి తర్వాత, ముందు యూరియా ఆపించు. నేను కొత్తలో గోధుమ రంగు మచ్చల తెగులు చూసి, అది వేరేదని తెలియక అగ్గి తెగులన్నాను. మందు డబ్బులు పోయిన ఆ రైతు రెండేళ్లు నాతో మాట్లాడలా.

అందుకే ఒంటరిగా ఉండొద్దు. చుట్టుపక్కల అసిస్టెంట్లు నలుగురైదుగురు పదిహేను రోజులకోసారి కూర్చోండి. ఏం చూశాం, ఏం చెప్పాం, చివరికి ఏమైంది, ఈ మూడూ ఒక నోటుబుక్కులో రాయండి. తప్పిన సలహాలు తప్పకుండా రాయాలి, అసలు పనికొచ్చేవి అవే. తేలనివి నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రానికి ఆకుతో సహా పట్టుకుపోండి.

కొట్టాయన్నీ పిలువు. హైదరాబాద్‌లోని వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ ఇలాంటి కొట్ల డీలర్ల కోసం ఏడాది డిప్లొమా నడుపుతోంది, 'దేశీ' అంటారు. అది చదివినాయన దొరికితే నీ పని సగం తగ్గుతుంది. మొదటిసారి టీ ఖర్చు మాత్రం నీదే.