ఆఫ్రికా పాఠం: భూమధ్యరేఖ నుంచి మొదలుపెట్టండి

మీ అమ్మాయి 54 దేశాల రాజధానులూ పంటలూ బట్టీ పట్టి, తీరా పరీక్షలో ఘనా కోకోను జాంబియాకు, జాంబియా రాగిని ఘనాకు రాసేసిందన్నారు. తప్పు తనది కాదు, జాబితాది.

పేర్లు పక్కన పెట్టి, ఖాళీ పటం మీద ముందు భూమధ్యరేఖ గీయమనండి. అది ఖండం నడుమ నుంచి పోతుంది కాబట్టి పైనా కిందా దాదాపు అద్దంలో బొమ్మలా ఉంటుంది. మధ్యలో కాంగో వర్షారణ్యం, అటూ ఇటూ సవన్నా గడ్డిభూములు, ఇంకా దూరం పోతే ఉత్తరాన సహారా, దక్షిణాన కలహారి, నమీబ్. ఉత్తర కొసన అల్జీర్స్ దగ్గరా, దక్షిణ కొసన కేప్‌టౌన్ దగ్గరా వానలు ఎక్కువగా చలికాలంలోనే. (తూర్పున ఉన్న ఎత్తైన పీఠభూమి ఈ లెక్కను కాస్త చెడగొడుతుంది, అది తర్వాత చూసుకోవచ్చు.)

ఇక ఆర్థికం. కోకోకు వేడీ తేమా కావాలి, అందుకే గినియా తీరంలోని కోట్ డివోర్, ఘనా. రాగికి వానతో పనిలేదు, అది రాతిలో ఉంటుంది: జాంబియా, కాంగో సరిహద్దు. మరి సముద్రతీరమే లేని జాంబియా రాగి ఓడ ఎక్కేదెలా? 1970ల్లో చైనా సాయంతో టాంజానియాలోని దార్ ఎస్ సలామ్ ఓడరేవు దాకా టాజారా రైలుమార్గం వేసింది ఇందుకే. తనకు జవాబు చెప్పకండి, పటం మీద వేలు పెట్టి దారి వెతకమనండి.

రాజధానులు చివర్లో. రోజుకు నాలుగు చాలు.