పక్కవాద్యం అలవాటు కాస్త పక్కన పెట్టు

చి॥ అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

నలుగురూ కలిసి రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయొలా, కూర్చుని వాయించే పెద్ద చెల్లోతో క్వార్టెట్ పెట్టారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. హైదరాబాద్‌లో ఉంటూ కొత్తగా రాయించుకున్న సంగీతమే వాయిస్తామనడం నాకు మరీ నచ్చింది.

నువ్వు చిన్నప్పటి నుంచి గాత్రానికి పక్కవాద్యంగా వయొలిన్ వాయించినదానివి. పాడేవాళ్ల సంగతి పట్టుకుని నీడలా వెంట నడవడం గొప్ప విద్యే. క్వార్టెట్‌లో మాత్రం అదే అడ్డం వస్తుంది. అందరూ పక్కవాళ్ల కోసం ఆగితే కాలప్రమాణం, అంటే పాట వేగం, జారిపోతుంది. మృదంగం ఉండదు, కండక్టర్ ఉండడు. ముందు ఎత్తుకునేది ఎవరైతే వాళ్లే ఊపిరి తీసుకుని కమాను కదపాలి, మిగతా ముగ్గురూ ఆ ఊపిరిని గమనించాలి. ఒకే పేజీని రోజుకొకరు నడిపిస్తూ రిహార్సల్ చెయ్యండి. చెల్లో నడిపించిన రోజు ఆ రచన నడకే మారిపోతుంది. అది విన్నాక ఎవరి మాట నెగ్గాలనే గొడవ చాలా తగ్గుతుంది.

స్వరకర్త అంతా రాసి పంపేదాకా ఆగకండి. నాలుగు లైన్లు రాయగానే పిలిచి మీ మధ్య కూర్చోబెట్టుకోండి. ముందు తీగల సంగతి చెప్పండి. నీ వయొలిన్ స-ప-స-ప శ్రుతిలో ఉంటుంది, రెండో వయొలిన్ పాశ్చాత్య పద్ధతిలో జి, డి, ఎ, ఇ. ఇది తెలియకుండా రాస్తే మీ వేళ్లకే కష్టం. స్వరాన్ని ఊపే మన గమకం పాశ్చాత్య స్వరలిపి అయిన స్టాఫ్ నొటేషన్‌లో పూర్తిగా పట్టదు. తోడి రాగంలో గాంధారం వాయించి వినిపించు, ఫోన్లో రికార్డు చేసి ఇవ్వు. వయొలా వాళ్లు దాన్ని ముందు నోటితో పాడి నేర్చుకోవాలి. నలుగురూ ఒకేసారి గమకం వేస్తే ముద్దగా వినిపిస్తుంది. ఒకరు ఊపుతుంటే ముగ్గురు నిలకడగా పట్టుకోండి.

అమెరికా వాళ్ల క్రోనోస్ క్వార్టెట్ వినండి. 1973లో మొదలైన ఆ బృందం కొత్త రచనలు, ఉన్న సంగీతానికి క్వార్టెట్ కూర్పులు కలిపి వెయ్యికి పైగా రాయించుకుంది. 2005లో ఆశా భోస్లేతో ఆర్.డి. బర్మన్ పాటల ఆల్బమ్ చేసింది. మీలాంటి కుర్ర బృందాల కోసం 50 రచనలు రాయించి, స్వరపత్రాలు ఉచితంగా ఇచ్చింది. డౌన్‌లోడ్ చేసుకుని సాధన చెయ్యండి, కానీ అచ్చం వాళ్లలాగే వాయించాలని చూడకండి.

డబ్బు విషయం ముందే కాగితం మీద రాసుకోండి. నలుగురికీ సమానం, స్వరకర్తకి అడ్వాన్సు. మీ ఊళ్లోని సాంస్కృతిక వేదిక లామకాన్‌లో ఆరుబయట వాయిస్తే చెల్లో మంద్రస్వరాలు గాలిలో కలిసిపోతాయి, దానికి విడిగా మైకు అడగండి.

చోటు దొరక్కపోతే ఆదివారాలు మా ముందుగది వాడుకోండి. చెల్లోకి పనికొచ్చే చేతుల్లేని కుర్చీ కూడా ఉంది.

మీ మామయ్య